నాన్న నడుము చుట్టూ పాము

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పడం నాకు చేతకాదు. మా వీధి కుళాయి కాస్త జోరుగా వస్తే బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారని చెప్పుకొచ్చిన మనిషిని. నా పెళ్ళికి ఒక బస్సూ, ఒక వ్యానూ వచ్చాయి. ఇన్నేళ్ళుగా అవి నా నోట్లో పెరిగి పెరిగి ప్రత్యేక రైలయ్యాయి. మా ఆవిడ నా మాటలు వినేటప్పుడు చేతిలో చేట లేకపోయినా బియ్యం చెరుగుతున్నట్టే తలాడిస్తుంది. ఊక ఎగిరిపోయాక అడుగున మిగిలిన నాలుగు గింజలే నమ్ముతుంది. మీరూ అలాగే చెరుక్కుంటూ చదవండి.

నా తరఫున చెప్పుకోవాల్సింది ఒకటుంది. నేను పెంచుతానే గాని పుట్టించను. ఉన్న పిల్లిని పులిని చేస్తాను తప్ప లేని పిల్లిని పట్టుకురాను. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో మాత్రం ఒకచోట ఆ నియమం తప్పాను. ఎక్కడన్నది చివర్లో నేనే చెబుతాను.

మా నాన్న బెజవాడ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో గుమస్తా. పెళ్ళి కాకముందు చేరాడు, జుట్టు తెల్లబడ్డాక కూడా అక్కడే ఉన్నాడు. అదే షాపు, అదే పరుపు, అదే స్తంభానికి ఆనించిన అదే దిండు. ఆ షాపుల్లో కుర్చీలుండవు. నేలంతా పరుపులు పరిచి, వాటి మీద తెల్లదుప్పట్లు బిగించి ఉంటాయి. గుడివాడ నుంచీ, బందరు నుంచీ, అవనిగడ్డ నుంచీ వచ్చిన చిన్న షాపుల వాళ్ళు ఆ పరుపుల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుంటే, నాన్న వాళ్ళ ముందు తాను వెనక తాను దొర్లించేవాడు. కళ్ళు మూసుకుని బట్టని రెండు వేళ్ళ మధ్య నలిపి, ఆ పత్తి ఏ ఊరి చేలో కాసిందో, ఆ చేను రైతుకి మీసం ఉందో లేదో చెప్పేసేవాడు. (చెరగండి. నూలా, పాలిస్టర్ కలిసిందా అన్నది మాత్రం చెప్పేవాడు. అదే గింజ.)

మాట విషయంలో నాన్న నాకు పూర్తిగా ఎదురు. మీటరు బద్ద పెట్టి కొలిచినట్టు మాట్లాడేవాడు, ఒక అంగుళం అటూ ఇటూ పోనిచ్చేవాడు కాదు. వరద వచ్చి ఊరంతా మునిగినా "నీళ్ళొచ్చాయి" అనే రకం. ఆ కొలతంతా బట్టల్లో కూడా కనిపించేది. తెల్ల పంచె, తెల్ల చొక్కా. అమ్మ పెట్టే గంజికి ఆ చొక్కా ఎంత బిరుసెక్కేదంటే, పొద్దున్నే అది ముందు నడిచి షాపుకి వెళ్ళిపోతుంటే వెనక నాన్న పరుగెత్తి అందుకునేవాడు. ఇంట్లో భోజనానికి కూర్చున్నా చొక్కా తీసేవాడు కాదు. కొడుకునైన నాకే నాన్న వీపు ఎలా ఉంటుందో సరిగ్గా తెలియదు.

తెలిసే రోజు వచ్చింది. తొంభైల చివర్లో, ఎండలు ముదురుతున్న రోజులు. నాన్నకి అరవై దాటాయి. ఒక సాయంత్రం షాపు నుంచి వచ్చి, చొక్కా విప్పకుండానే కుడి పక్క నడుము మీద చెయ్యి పెట్టుకుని, "ఏమే, ఇక్కడ కాస్త చురుక్కుమంటోంది," అన్నాడు.

"పంచె బిగించి కట్టుంటారు, ఒరుసుకుంది," అని అమ్మ కొబ్బరినూనె తెచ్చింది.

మా ఇంట్లో చర్మానికి సంబంధించిన వైద్యమంతా కొబ్బరినూనె, పసుపు, వేపాకు అనే ముగ్గురు డాక్టర్ల చేతుల్లో ఉండేది. చలికాలం వస్తే అమ్మ కాళ్ళు ఎండి తెల్లగా పొట్టు లేచి, ఆవిడ టీవీ చూస్తూ పాత దువ్వెనతో గోక్కుంటుంటే ఆ చప్పుడికి పక్కవాటా వాళ్ళు వడ్రంగి పని ఎప్పుడయిపోతుందని అడిగేవాళ్ళు. దానికీ కొబ్బరినూనే. నాన్న నడుము మీద ఎరుపు తేలితే నూనె రాసింది. ఎరుపు మీద నీటిపొక్కులు పూసల్లా వరసగా లేస్తే చెమటకాయలని పసుపు అద్దింది. అవి గుత్తులు గుత్తులుగా వెనక్కి పాకితే వేపాకు నూరింది. అప్పుడు పక్కవాటా పెద్దావిడ వచ్చి చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఇవి చెమటకాయలు కాదమ్మా. సర్పి! పాము చుట్టినట్టు చుట్టుద్ది. తలా తోకా కలిశాయంటే ఇంక మనిషి దక్కడు."

ఆ ఒక్క మాటతో మా ఇల్లు మారిపోయింది. అందరి కళ్ళూ నాన్న నడుము మీదే. చుట్టాలకి ఫోన్లు చేసే పని నాకు అప్పజెప్పారు. అంతకన్నా తప్పు మనిషి దొరకడు. నేను ఫోన్ పెట్టేసేసరికి, నాన్నని కొండచిలువ చుట్టిందన్న వార్త కంకిపాడు దాటి ఉయ్యూరు దాకా పోయింది. మర్నాడు పొద్దున్నుంచీ బస్సు వెనక బస్సుగా చుట్టాలు దిగారు. (చెరగండి. ఇద్దరు మేనత్తలూ, ఒక బాబాయీ.) వచ్చిన ప్రతివాళ్ళూ నాన్న చొక్కా పైకెత్తి చూసేవాళ్ళే.

"తల ఇదిగో, బొడ్డు వైపు ఉంది."

"కాదక్కా, బొడ్డు వైపుది తోక. తల ఎప్పుడూ వెన్ను వైపే ఉంటది. మా మామగారికి అట్టాగే వచ్చింది."

"మీ మామగారు బతికే ఉన్నారుగా?"

"ఉన్నారు. తల వెన్ను వైపు ఉండబట్టే."

నలభై ఏళ్ళు ఒంటి మీద చొక్కా లేకుండా ఎవరికీ కనపడని మనిషి, నడివసారాలో స్టూలు మీద కూర్చుని, చొక్కా పైకి పట్టుకుని, గోడకేసి చూస్తున్నాడు. ఒక్కసారి మాత్రం అడిగాడు.

"చూడ్డం అయితే దించనా?"

కంకిపాడు అవతల కాలవగట్టు మీద ఒకాయన సర్పికి బొమ్మలు వేస్తాడని బాబాయి చెబితే ఆటోలో తీసుకెళ్ళాం. మీరు చెరగడానికి చేట ఎత్తుతున్నారని తెలుసు, దించండి. ఈ ముక్కలో నేనేమీ పెంచడం లేదు. ఆయన జాజు నూరి, అదే గోడల అంచులకి పూసే ఎర్రమన్ను, పుల్ల చివర దూది చుట్టి, నాన్న నడుము మీద పొక్కుల చివర్లకి ఎదురుగా రెండు సింహాల్ని వేశాడు. పాము ముందుకి పాకితే ఒక సింహం, వెనక్కి పాకితే ఇంకో సింహం. ముందుది ఫరవాలేదు, మీసాలున్న పిల్లిలా ఉంది. వెనకదానికి చోటు చాలక మెడ కుదించాల్సొచ్చి, అది కాస్తా పందిపిల్ల అయింది. వంకాయ తినకూడదు, గోంగూర తినకూడదు, స్నానం చెయ్యకూడదు, సింహాలు చెదరకూడదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ మెల్లిగా అడిగింది. "ఎట్టా ఉందండీ?"

"జాజు బాగా నూరాడు," అన్నాడు నాన్న. "రంగు దిగదు."

సింహాలు గెలిచాయి. పొక్కులు ఎండాయి, పక్కులు కట్టాయి, రాలాయి. తలా తోకా కలవలేదు. పాము కుడి పక్క బయల్దేరి కుడి పక్కే ఆగిపోయింది. మేనత్తలు కొబ్బరికాయలు కొట్టారు. అమ్మ నాన్నకి తలంటు పోసి, గోంగూర పచ్చడి కలిపి పెట్టింది. కొత్తగా గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా మంచం మీద పరిచింది. పెళ్ళిళ్ళ సీజను జోరు మీదుంది, షావుకారు రెండుసార్లు కబురు పంపాడు.

నాన్న చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టి, సగంలో ఆగాడు. విప్పేశాడు.

"ఏంటి నాన్నా?"

"కొంచెం మంటగా ఉంది."

మా ఇంటి కొలతలు మీకు ముందే చెప్పాను. నాకు దోమ కుడితే మా ఇంట్లో వాళ్ళు తేలు మంత్రగాడి కోసం వెతికేవాళ్ళు. నాకు తలనొప్పి వస్తే వీలునామా సంగతి వచ్చేది. అలాంటి ఇంట్లో "కొంచెం" అన్న మాట ఎంత దూరం వినపడుతుంది? బద్ద నాది, కొలిపించుకుంటున్నది నాన్న.

"తగ్గిపోయిందిగా అండీ. అద్దంలో చూసుకోండి, ఏముందక్కడ?" అంది అమ్మ. నిజంగానే అక్కడ ఏమీ లేదు. చర్మం శుభ్రంగా ఉంది, లేతరంగు మచ్చలు నాలుగు, ఎర్రగా ఒక సింహం తోక. పెద్ద మేనత్త, "ఇదంతా మనసులో భయంరా అబ్బాయ్," అంది. బాబాయి, "అన్నయ్యకి ఇంట్లో కూర్చోడం అలవాటైంది," అని నవ్వించబోయాడు. నాన్న కూడా నవ్వాడు. నవ్వుతూ, చొక్కా ఒంటికి తగలకుండా రెండు వేళ్ళతో దూరంగా ఎత్తి పట్టుకున్నాడు. షాపులో బట్ట నలిపి చూసే ఆ రెండు వేళ్ళే.

రోజులు గడిచినకొద్దీ చొక్కాతో ఆగలేదు. దుప్పటి అంచు తగిలితే ఉలిక్కిపడేవాడు. ఫ్యాను గాలి తగిలినా మండేది. బెజవాడ ఎండాకాలం గురించి నేను పెంచి చెప్పక్కర్లేదు, అది నాకన్నా ఎక్కువ పెంచుతుంది. ఆ ఎండల్లో నాన్న ఫ్యాను ఆపుకుని, ఒంటి మీద నూలుపోగు లేకుండా గదిలో తలుపు వేసుకుని కూర్చునేవాడు. అమ్మ కూడా అదే గదిలో, ఫ్యాను లేకుండా, కూరగాయలు తరుక్కుంటూ కూర్చునేది. ఎందుకమ్మా, వసారాలో కూర్చోరాదా అంటే, "ఇక్కడ చల్లగానే ఉంది," అనేది. చెమటకి జాకెట్టు తడిసి వీపుకి అతుక్కుపోయి ఉండేది.

చివరికి గవర్నర్‌పేటలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ హాల్లో అంతా నాన్న ఈడు వాళ్ళే. ఆ వయసుకి చర్మం ఇన్ని నాటకాలాడుతుందని అక్కడే చూశాను. ఒకాయనకి మెడికల్ షాపువాడిచ్చిన ఆయింట్‌మెంటు రాసుకుని రాసుకుని, పొట్ట మీద రూపాయి బిళ్ళంత తామర కృష్ణా జిల్లా మ్యాపంత అయింది, దివిసీమతో సహా. ఒక పెద్దావిడకి కాళ్ళ మీద చర్మం చేప పొలుసుల్లా ఎండి, కూర్చున్నచోట గోక్కుంటోంది. ఇంకొకాయనకి చీలమండల దగ్గర ఎగ్జిమా నల్లగా కారుతోంది, వీపు దురదకి స్కూలు పిల్లల స్కేలు ఒకటి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. "వాడుకోండి, అందరిదీ," అని పక్కవాళ్ళకి కూడా ఇస్తున్నాడు. నేను నవ్వుతూ అటు తిరిగితే మూల కుర్చీలో ఒకాయన కనిపించాడు. మోచేతుల మీద తెల్లటి పొలుసులు. సోరియాసిస్ అట. అంటుకునేది కాదని గోడ మీద కాగితం అంటించి ఉన్నా ఆయనకి అటూ ఇటూ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆయన చదివి పెట్టిన పేపరు ఎవరూ ముట్టుకోలేదు.

నాన్న చొక్కా రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, నెమ్మదిగా నడిచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని ఆ పేపరు తీసుకున్నాడు.

లోపల డాక్టరు నడుము చూసి ముందు సింహం సంగతి అడిగాడు. తర్వాత, "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా మీకు?" అన్నాడు.

"పోసింది. మా అమ్మ మంచం చుట్టూ వేపమండలు కట్టింది."

"అదేనండీ ఇది. అప్పుడు తగ్గిందనుకున్నారు, పోలేదు. ఇన్నేళ్ళూ నరంలో పడుకుంది. వయసొచ్చాక ఒంట్లో కాపలా తగ్గుతుంది కదా, లేచింది."

అమ్మ ఉండబట్టలేకపోయింది. "తలా తోకా కలిసే ప్రమాదం ఇంక లేదుగా బాబూ?"

"కలవవమ్మా. ఆ నరం ఒక పక్కకే వెళ్తుంది, అందుకే పొక్కులూ మామూలుగా ఒక పక్కే వస్తాయి. సింహాలు లేకపోయినా అక్కడే ఆగేవి." ఆయన కోప్పడలేదు. అదే మాకు ఇంకా కష్టమైంది. "పొక్కులు లేచిన రెండు మూడు రోజుల్లో వచ్చుంటే వేరే మందుంది. ఇప్పుడు పైన పుండు మానింది, లోపల నరం మానలేదు. పెద్దవాళ్ళలో కొంతమందికి ఇట్లా మిగిలిపోతుంది. నెలలు పట్టొచ్చు. ఒక్కోసారి ఇంకా ఎక్కువ." నాన్న వైపు తిరిగాడు. "మంట ఎట్లా ఉంటుందో చెప్పగలరా? చీమలు కుట్టినట్టా, నిప్పు పెట్టినట్టా?"

నాన్న చాలాసేపు ఆలోచించాడు. సరైన తాను కోసం అరలన్నీ వెతికినట్టు.

"షాపులో కొత్త తాను చింపుతాం కదండీ," అన్నాడు. "కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతుల్తో పట్టుకుని బర్రున లాగుతాం. అట్టా చింపుతున్నట్టు ఉంటది, ఇక్కడ. కాకపోతే, తాను అయిపోదు."

మా నాన్న నోట అంత పెద్ద మాట నేనెప్పుడూ వినలేదు. ఆయన ఒక పోలిక చెప్పడం నాకు తెలిసి అదే మొదలు. పోలికలు అమ్ముకు బతికే నాకు అంత సరుకు ఎప్పుడూ దొరకలేదు. అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు మాత్రలు రాశాడు. వాటికి మంట సగం తగ్గేది, మనిషి సగం మత్తులో ఉండేవాడు. వానాకాలం వచ్చింది, పోయింది. నాన్నకి ఇప్పుడు ఒకటే ధ్యాస. దసరాకి షాపుకి వెళ్ళాలి. దసరా అంటే ఆ వీధికి ఏడాది పంట. ఆ రోజుల్లో నాన్న తన చోట్లో లేకుండా ఒక్క ఏడూ గడవలేదు. షావుకారు కబురైతే బాగానే పంపాడు, "నీ చోటు అట్టాగే ఉందయ్యా, దిండు కూడా కదపలేదు," అని. ఆ చోట్లో వేరే గుమస్తా కూర్చుంటున్నాడని మాకు తెలుసు. నాన్నకి తెలుసో లేదో ఎవరూ అడగలేదు.

"ఒక్కరోజు కూర్చుని వస్తే చాలు," అనేవాడు. "లేకపోతే మానేశాననుకుంటారు."

చొక్కా ఒక్కటే అడ్డం. చొక్కా లేకుండా షాపుకి వెళ్ళేకంటే నాన్న కృష్ణలో దూకుతాడు. (ఇది చెరక్కండి.)

మా సందు చివర టైలరు సాయిబుగారు నాన్నకి పాత నేస్తం. నాన్న బట్ట తెస్తే ఆయన కుట్టేవాడు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్ళిన బట్టతోనే మా ఇంట్లో అందరం పెరిగాం. ఆయన ఒక మధ్యాహ్నం వచ్చి, మంచం అంచున కూర్చుని, నాన్న చొక్కాని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకోవడం కాసేపు చూశాడు.

"అన్నగారూ, కొత్తబట్టతో అవదు. గంజి బట్టతో అసలే అవదు." అమ్మ వైపు తిరిగాడు. "వదినమ్మా, మీ పాత చీర ఏదన్నా ఉందా? బాగా కట్టి, బాగా ఉతికి, ఇంక బొంతకి కూడా పనికిరానిది?"

అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక నేతచీర తీసింది. పెళ్ళయిన కొత్తలో నాన్న షాపు నుంచి తెచ్చిన మొదటి చీర. ఒకప్పుడు నీలంట. కట్టి కట్టి, ఉతికి ఉతికి ఏ రంగూ కాకుండా పోయింది. అరచేతిలో పెట్టుకుంటే చేతి గీతలు కనపడేవి, ఊదితే గుంటూరులో వాలేది.

"చింపనామ్మా?" అని సాయిబుగారు కత్తెర తీశాడు.

"మీరాగండి," అని అమ్మే కొంగు దగ్గర పళ్ళతో గాటు పెట్టి నిలువునా చింపింది. పాతబట్ట, పెద్దగా చప్పుడు కూడా చెయ్యలేదు.

సాయిబుగారు దానికి కాలరు పెట్టలేదు. కుట్లన్నీ బయటివైపుకి వేశాడు, లోపల ఒక్క ముడి కూడా ఒంటికి తగలకుండా. అంటే పైనుంచి చూసేవాళ్ళకి చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టే ఉంటుంది. నాన్న దాన్ని తొడుక్కుని నించున్నాడు. గుండీలన్నీ పెట్టుకున్నాడు.

"ఎట్టా ఉంది అన్నగారూ?"

"ఉన్నట్టు లేదు," అన్నాడు నాన్న.

"అమ్మా, విన్నారా! ముప్ఫై ఏళ్ళుగా ఈయనకి కుడుతున్నా, ఇట్టాంటి మెప్పు ఇదే మొదటిసారి," అని సాయిబుగారు నవ్వాడు. నవ్వుతూనే కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

దసరాకి ముందు ఒక పొద్దున, నాన్నని రిక్షాలో కూర్చోబెట్టుకుని నేను షాపుకి తీసుకెళ్ళాను. ఆటో అయితే కుదుపులని అమ్మ వద్దంది. వీధి మొదట్లో తోపుడుబళ్ళ మీద బట్టల బేళ్ళు, అరుపులు, దసరా రద్దీ. నాన్న షాపు గుమ్మం ఎక్కగానే లోపల ఉన్న పదిమందీ లేచి నించున్నారు. షావుకారు గల్లాపెట్టె వదిలేసి ఎదురొచ్చాడు. "ఏమయ్యా, నువ్వు లేక షాపు గుడ్డిదైపోయిందయ్యా," అన్నాడు. ఆ చోట్లో కూర్చున్న గుమస్తా తనంతట తనే లేచి దిండు సర్ది పక్కకి జరిగాడు. చొక్కా కుట్లు బయటికున్నాయని ఒక్కరూ అనలేదు. నాన్న తన స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అవనిగడ్డ నుంచి వచ్చిన ఒకాయన ఒక పీస్ చేతికిచ్చి, "చూసి చెప్పండి, ప్యూర్ కాటనేనంటున్నారు," అన్నాడు. నాన్న కళ్ళు మూసుకుని రెండు వేళ్ళతో నలిపాడు. "సగం," అన్నాడు. షాపంతా ఘొల్లుమంది. ఒక తాను కొలిచి, గాటు పెట్టి, బర్రున చింపి ఇచ్చాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చేశాం. ఆ ఒక్కరోజుతో చాలన్నాడు. ఆ తర్వాత షాపుకి వెళ్తానని ఎప్పుడూ అడగలేదు.

మంట మాత్రం పోలేదు. కొన్నాళ్ళు తగ్గేది, మళ్ళీ వచ్చేది. అమ్మ ట్రంకుపెట్టెలో పాతచీరలు ఒక్కొక్కటీ నాన్న చొక్కాలయ్యాయి. కొత్త చీరలు కొనిస్తే, "ఇవి మెత్తబడేదెప్పటికి?" అని లెక్కలు వేసుకునేది. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి, చర్మంతో సంబంధం లేకుండా, గుండె ఆగి నాన్న పోయాడు.

షావుకారు వచ్చాడు. ఆ వీధి మర్యాద ప్రకారం షాపు నుంచి కొత్త లాంగ్‌క్లాత్ తాను తెచ్చాడు, నాన్న మీద కప్పడానికి. బిరుసు బట్ట, మిల్లు గంజి వాసన ఇంకా పోలేదు. బాబాయి మడత విప్పుతున్నాడు. అంతవరకూ గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మ చటుక్కున లేచి వచ్చి చెయ్యి అడ్డం పెట్టింది.

"అది వద్దు. ఆయనకి మండుద్ది."

బాబాయి తాను మళ్ళీ మడత పెట్టాడు. అమ్మ తన ఒంటి మీద ఉన్నదాన్ని చూసుకుంది, అది కొత్తదే. దండెం మీద ఆరుతున్న పాతచీర తెచ్చి మెడ దాకా కప్పి, నడుము దగ్గర మాత్రం తగలకుండా కాస్త ఎత్తి సర్దింది.

ఇప్పుడు అమ్మ కూడా లేదు. కాబట్టి చెప్పొచ్చు.

సింహాలు నిజం. పందిపిల్ల నిజం. డాక్టరుతో నాన్న అన్న మాట అక్షరం మారలేదు. చీర నిజం, అమ్మ చెయ్యి అడ్డం పెట్టడం నిజం. మేం షాపుకి వెళ్ళడమే అబద్ధం.

రిక్షా ఆ వీధి మలుపు దాకా వెళ్ళింది. షాపు బోర్డు కనపడుతోంది. రద్దీలో రిక్షా ఆగితే, గుడివాడ నుంచి వచ్చే పాత ఖాతాదారు ఒకాయన నాన్నని చూశాడు. ఎంత సంతోషపడ్డాడో పాపం. "ఎన్నాళ్ళకి కనపడ్డావయ్యా!" అంటూ చేతిలో మూటలు కింద పడేసి, రిక్షాలోకి వంగి నాన్నని నడుము చుట్టూ చేతులేసి గట్టిగా కౌగిలించుకున్నాడు. నాన్న అరవలేదు. ఆయన వీపు మీద చెయ్యేసి తట్టాడు కూడా. "బాగున్నావా?" అని అడిగాడు. ఆయన వెళ్ళిపోయాక చూస్తే నాన్న మొహం ఆ చొక్కా రంగులో ఉంది. ఏ రంగూ కాదు.

"తిప్పించరా," అన్నాడు.

"ఇదిగో నాన్నా, వచ్చేశాం, నాలుగడుగులు."

"కనపడుతోందిగా. చాల్లే."

వెంటనే ఇంటికి వెళ్తే అమ్మకి తెలిసిపోతుందని, కాలవగట్టు మీద చెట్టునీడన మధ్యాహ్నం దాకా రిక్షా ఆపించుకుని కూర్చున్నాం. నాన్న నీళ్ళకేసి చూస్తూ అన్నాడు.

"మీ అమ్మ చీర చింపుకుంది. వెళ్ళామనే చెప్పు. నువ్వు బాగా చెప్తావుగా."

నేను బాగానే చెప్పాను. వంటింటి గుమ్మంలో నించుని, చేతులు తిప్పుతూ, షావుకారుని లేపి, దిండు సర్దించి, అవనిగడ్డ ఆయన్ని రప్పించి, తాను చింపించాను. అమ్మ గరిటె పట్టుకుని నోరు తెరుచుకుని వింది. షాపులో పదిమందీ ఒక్కసారిగా లేచి నించున్నారమ్మా అన్నప్పుడు మాత్రం, మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్న నాన్న మెల్లిగా అడ్డొచ్చాడు.

"అందరూ ఎక్కడ లేచార్రా. షావుకారు గారొక్కరే."